రెండు చక్రముల విద్య

వరంగల్లు, ఖమ్మము పట్టణముల నడుమ నున్న మహబూబాబాదును ఆ ప్రాంతపు ప్రజలు నేటికిని మానుకోట యనియే పిలుతురు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఇది జిల్లా కేంద్రమైనది. కాజీపేట, విజయవాడల రైలు మార్గము ఈ పట్టణము మీదుగనే పోవును. కాని రైలుకూత వినబడని గ్రామములును, తండాలును ఈ జిల్లాలో అనేకములు కలవు. అట్టి చోట్ల ఒకప్పుడు ఎడ్లబండి చేసిన పెక్కు పనులను నేడు మోటారుసైకిలు చేయుచున్నది. రైతు దానిపైననే చేనికి పోవును. పాలకాపు దానిపైననే పాలు చేరవేయును. పిల్లకు జ్వరము వచ్చినచో తండ్రి దానిపైననే వైద్యుని యొద్దకు కొనిపోవును. కావున పల్లెలోని ప్రతి బాలుడును ఏనాడు దాని నెక్కుదునా యని ఎదురుచూచుచుండుట సహజము. ఆ కోరిక తప్పు కాదు. కాని ఇదియు ఒక విద్యయే. గురువు లేకయు, క్రమము లేకయు నేర్చిన విద్య ఆపదను తెచ్చును.

ఈ వాహనము పుట్టి నూట నలువది యేండ్లు కావచ్చినది. 1885లో జర్మనీ దేశమున గాట్లీబ్ డైమ్లరు, విల్హెల్ము మేబాకు అను ఇంజనీర్లు కొయ్యచట్రమునకు చిన్న యంత్రమును అమర్చి ఒక బండిని నిర్మించిరి. అది ఒరిగిపోకుండుటకు ఇరుప్రక్కల రెండు చిన్న చక్రములను గూడ తగిలించిరి. ఆ సంవత్సరము నవంబరు మాసమున డైమ్లరు కుమారుడు పాల్ ఆ బండినెక్కి కాన్‌స్టాట్ నుండి ఉంటర్‌టుర్క్‌హైమ్ అను ఊరివరకు నడిపెను. దారిలో యంత్రపు వేడికి ఆసనమునకు నిప్పంటుకొన్నదని చెప్పుదురు. మన దేశమున 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డు కర్మాగారము బుల్లెట్టు బండ్లను తయారు చేయుటకు పూనుకొన్నది. నాటి నుండి నేటికి యంత్రములెంతయో మారినవి; కాని కొత్తగా ఎక్కినవాడు నేర్వవలసిన పాఠములు మారలేదు.

మొదటి పాఠము వయసును గూర్చినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము గేర్లుగల మోటారుసైకిలు నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండవలెను. గేర్లు లేని, ఏబది సి.సి.కి మించని చిన్న బండికి మాత్రము పదునారేండ్లు చాలును. వయసు వచ్చినవాడు మొదట రవాణా కార్యాలయమున రోడ్డు గుర్తులను గూర్చిన పరీక్షలో నెగ్గి లెర్నర్ లైసెన్సు పొందవలెను. అది ఆరు మాసములు చెల్లును. ముప్పది దినములు గడచిన పిమ్మట బండి నడిపి చూపి శాశ్వత లైసెన్సు పొందవచ్చును. నేర్చుకొనునంత కాలము బండికి తెల్లని పలకపై ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరముండవలెను. నేర్పువాడు తప్ప మరియొకరు వెనుక కూర్చుండరాదు. 2019లో చేసిన సవరణ వలన, చిన్నవాడు బండి నడిపి నేరము చేసినచో తండ్రికో, బండి యజమానికో మూడేండ్ల వరకు చెరసాలయు, ఇరువదియైదు వేల రూపాయల జరిమానాయు విధింపవచ్చును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. ఒక్కనాటి సరదాకు చెల్లింపవలసిన మూల్యమిది.

రెండవ పాఠము బండిని ఎరుగుట. తెలివిగల కొత్తవాడు వెంటనే రోడ్డెక్కడు. ఊరి చివర ఖాళీ మైదానమునకు, అనుభవము గల అన్ననో మామనో వెంటబెట్టుకొని పోవును. ముందుగా టైర్లలో గాలి చూచును. గొలుసు వదులైనదేమో పరికించును. దీపములు, హారను, అద్దములు సరిగా ఉన్నవో లేవో తెలిసికొనును. సైడు స్టాండును పైకెత్తుట మరచి బయలుదేరినవారు మలుపులో నేలకొరిగిన సందర్భములు పెక్కులు. పిమ్మట అవయవముల కొక్కొక్క పని అప్పగించును. ఎడమచేయి క్లచ్చును, ఎడమకాలు గేర్లను, కుడిచేయి యాక్సిలరేటరును ముందు బ్రేకును, కుడికాలు వెనుక బ్రేకును పాలింపవలెను. క్లచ్చును ఒక్కసారిగా వదలినచో బండి ఉలికిపడి ముందుకు దుముకును, లేదా ఆగిపోవును. కావున వ్రేళ్లను మెల్లమెల్లగా సడలించుచు, మరియొక చేతితో కొంచెము కొంచెముగా వేగము నందింపవలెను. రెండు చేతులకు ఈ పొత్తు కుదురుటకు కొన్ని దినములు పట్టును. అందులో సిగ్గుపడవలసినది లేదు.

మూడవ పాఠము నిలుపుట. బండిని నడుపుట కన్న నిలుపుట నేర్చుటయే కష్టము. పలువురు కొత్తవారు ముందు బ్రేకును పట్టుటకు భయపడి వెనుకదానినే త్రొక్కుదురు. కాని బ్రేకు వేయగానే బరువంతయు ముందుచక్రము మీదికి వంగును. కనుక బండిని ఆపు బలము ముందు బ్రేకునందే అధికము. దానిని హఠాత్తుగా బిగించినచో చక్రము జారును. రెండు బ్రేకులను కలిపి, క్రమముగా బిగించుట సరియైన పద్ధతి. బండి వంగియున్న మలుపులో గాక, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను.

వేగమును గూర్చి చిన్న లెక్క చేసి చూడవచ్చును. గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 10 మీటర్లు సాగును. ఎదుట గేదె కనబడిన తరువాత బ్రేకుపై చేయి పడుటకు ఒక సెకను పట్టినదనుకొన్నను, అప్పటికే 10 మీటర్లు గడచిపోవును. పొడి రోడ్డుపై బ్రేకు పట్టి ఆగుటకు మరియొక 10 మీటర్లు కావలెననుకొందము. మొత్తము 20 మీటర్లు. వేగము రెట్టింపై 72 కిలోమీటర్లైనచో మొదటి సెకనులో 20 మీటర్లు పోవును. ఆగుటకు కావలసిన దూరమో, రెట్టింపు గాక నాలుగింతలగును. అనగా 40 మీటర్లు. మొత్తము 60 మీటర్లు! వేగము రెండింతలైన చోట ఆగు దూరము మూడింతలైనది. ఈ లెక్క తెలిసినవాడు పందెములకు పోడు.

నాలుగవ పాఠము దారిని చదువుట. ప్రతి సీమకును తనవైన అపాయములుండును. పంటకాలమున మన పల్లెల రోడ్లపై వడ్లు, మిరపకాయలు, మక్కలు ఆరబోయుదురు. ఎండిన గింజలపై చక్రము గాజుగోలీలపై వలె జారును. వాటి చుట్టును పేర్చిన రాళ్లు చీకటిలో కనబడవు. సందె వేళ మేత నుండి మరలు పశువుల మంద రోడ్డు నిండ వచ్చును. తొలకరి చినుకులకు రోడ్డుపైనున్న నూనె, దుమ్ము కలిసి నునుపెక్కును. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ రాత్రి వేళ కదలని గోడయే యగును. కొత్తవాడు కొంతకాలము పగటివేళ మాత్రమే, పొడివాతావరణమున మాత్రమే నడుపుట మేలు. పరుగెత్తి పాలు త్రాగుట కన్న నిలబడి నీళ్లు త్రాగుట మేలన్న పెద్దల సామెత ఈ విద్యకు చక్కగా సరిపోవును.

అన్నింటికన్న ముఖ్యమైన పాఠము శిరస్త్రాణము, అనగా హెల్మెట్టు. దీని వెనుక ఒక విషాదగాథ కలదు. మొదటి ప్రపంచయుద్ధమున పేరుపొందిన ఆంగ్లేయ వీరుడు టి.ఇ. లారెన్సు 1935 మే 13వ తేదీన మోటారుసైకిలుపై ఇంటికి మరలుచుండెను. సైకిళ్లపై పోవుచున్న ఇద్దరు బాలురు హఠాత్తుగా ఎదురుపడగా, వారిని తప్పింపబోయి ఆయన పడిపోయెను. తలకు శిరస్త్రాణము లేదు. ఆరు దినములకు మరణించెను. ఆయనను పరీక్షించిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను శస్త్రవైద్యుడొకడు. ఆ మరణము కెయిర్న్సు మనస్సును కలచివేసెను. రెండవ ప్రపంచయుద్ధము మొదలైన 21 నెలలలో తన దేశమున 2,279 మంది మోటారుసైకిలు ప్రయాణికులు మృతినొందిరని ఆయన గమనించెను. శిరస్త్రాణము ధరించినవారికి గాయములు స్వల్పముగా నుండుటను కనుగొని 1941లో ప్రకటించెను. సైన్యము ఆయన మాట వినెను. ప్రజలందరకు బ్రిటనులో ఆ నియమము 1973లో వచ్చెను. 1952లోనే కన్నుమూసిన కెయిర్న్సు దానిని చూడలేదు. కాని ఆయన శ్రమ వలన బ్రతికినవారు ప్రపంచమంతట నున్నారు.

2022లో భారతదేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనములపై పోయినవారే. ఆ ఏడాది శిరస్త్రాణము లేక మరణించినవారు 50,029 మంది. వారందరికిని ఇల్లు కలదు. వాకిట ఎదురుచూచినవారు కలరు. ఐ.ఎస్.ఐ. ముద్రగల శిరస్త్రాణమును గడ్డము క్రింద పట్టీ బిగించి ధరించిననే ఫలము. వెనుక కూర్చుండువారికిని అది తప్పనిసరి. దారిలో ఎవరైన గాయపడి కనబడినచో 108కి ఫోను చేయుట ప్రతివాని ధర్మము. అట్లు సాయపడిన వారికి చట్టము రక్షణ కల్పించుచున్నది.

మానుకోట సీమలో కొత్త బండి కొన్నవారు పెక్కుమంది కురవి వీరభద్రస్వామి గుడియెదుట పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి తొలి ప్రయాణము సాగింతురు. అది మంచి ఆచారమే. కాని శిరస్త్రాణము ఇంటిలో మేకునకు వ్రేలాడుచుండగా మొక్కు ఒక్కటియే చాలదు. దైవము మనిషికి తెలివినిచ్చినది వాడుకొనుటకే. గమ్యమునకు ముందుగా చేరినవాడు గాక, సాయంత్రము క్షేమముగా ఇంటి గడప త్రొక్కినవాడే రెండు చక్రముల విద్యను నేర్చినవాడు.