అమ్మలూ, బూటుకి మడత పడితే భయపడకు

చి॥ అమ్మలుకి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన బూట్ల ఫొటోలు మీ అన్నయ్య ఫోన్లో పెద్దవి చేసి చూపించాడు. కంపెనీ వాళ్లు ఇచ్చి వారం తిరక్కుండానే మడతలు పడ్డాయనీ, నాసిరకం అంటగట్టారేమోననీ, వెనక్కి ఇచ్చేయనా అనీ అడిగావు. నోటితో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

మడత పడని తోలు బూటు ఉండదమ్మా. అడుగు వేసినప్పుడల్లా పాదం వేళ్ల మొదట్లో వంగుతుంది. బూటూ అక్కడే వంగాలి. వంగిన చోట పై తోలు ముడుచుకుంటుంది, ఆ ముడత నిలిచిపోతుంది. ప్లాస్టిక్ పూత దట్టంగా పూసిన బూటుకి కొన్నాళ్లు మడత కనపడదు. ఆ తర్వాత పూతే పెచ్చులూడుతుంది. కాబట్టి మడత పడిందా లేదా అని చూడకు. ఎక్కడ పడింది, ఎలాంటిది పడింది అన్నది చూడు.

నీ కుడి బూటు చూశాను. వేళ్ల మొదళ్ల మీదుగా అడ్డంగా, దగ్గర దగ్గరగా సన్నటి గీతలు పడ్డాయి. అది మంచి తోలు. ఎడమ దాని మీద మాత్రం ఒకటే లోతైన మడత, వేళ్లని కప్పే స్టీలు టోపీ అంచుని ఆనుకుని ఏటవాలుగా దిగింది. దానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి తోలు, రెండోది కొలత.

ముందు తోలు సంగతి. ఒక పశువు చర్మం అంతా ఒకేలా ఉండదు. వీపు మీదా తుంటి మీదా పోగు బిగుతుగా ఉంటుంది. పొట్ట దగ్గరా కాళ్ల చంకల దగ్గరా వదులు. వదులు తోలుని బూటు ముందు భాగానికి కోస్తే, పైపొర లోపలి పొర నుంచి లేచి లావుపాటి మడత పడుతుంది. తెలిసిన పనివాడు రెండు బూట్ల ముందు ముక్కలూ ఒకే చర్మంలో పక్కపక్కన కోస్తాడు. ఫ్యాక్టరీలో అన్నిసార్లూ అలా కుదరదు. ఇకముందు కొనేటప్పుడు బొటనవేలితో బూటు ముందు భాగాన్ని మెల్లిగా లోపలికి నొక్కి చూడు. వెంట్రుకంత సన్నటి ముడతలు వచ్చి, వేలు తీయగానే పోతే ఆ తోలుకి ఢోకా లేదు. లోపల గాలి ఉన్నట్టు బుడిపెలా లేస్తే పక్కన పెట్టెయ్.

ఇక కొలత. అసలు తప్పు ఇక్కడే ఉందని నా అనుమానం. ఆఫీసు కాగితంలో నీ చెప్పు నంబరే రాసేశానన్నావు కదా. చెప్పు కొలత వేరు, బూటు కొలత వేరు. ఈసారి డ్యూటీ దిగాక సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, బూటులో వేసుకునే సాక్సుతోనే కొలుచుకో. గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడు. కూర్చుని గీస్తే లాభం లేదు, ఒంటి బరువు పడితేనే పాదం సాగుతుంది. ఇంకొకరి చేత పెన్సిలు నిటారుగా పట్టించి చుట్టూ గీయించుకో. రెండు పాదాలూ గీయించు, ఒకటి పెద్దదిగా తేలితే దాని ప్రకారమే కొనాలి.

ఆ గీతలో రెండు కొలతలు తీయాలి. మడమ నుంచి పొడవాటి వేలి కొసకి ఒకటి. మడమ నుంచి బొటనవేలి మొదట్లో పక్కకి పొడుచుకొచ్చే ఎముక దాకా ఇంకొకటి. షాపువాడు మొదటిదే చూస్తాడు, బూటు నప్పాలంటే రెండోది కావాలి. అమెరికాలో చార్లెస్ బ్రానాక్ అనే ఆయన దాదాపు నూరేళ్ల కిందట పాదాల కొలతకి ఒక లోహపు పలక చేశాడు. దాని మీద ఈ రెండో కొలతకి విడిగా ఒక జరిగే ముక్క ఉంటుంది. పాదాల పొడవు ఒకటే అయినా పొట్టి వేళ్లవాళ్లకీ పొడుగు వేళ్లవాళ్లకీ వంగే చోటు మారుతుందని ఆయనకి తెలుసు. పాదం వంగే చోటూ బూటు వంగే చోటూ కలిస్తే మడత వేళ్ల మొదట్లో పడుతుంది. కలవకపోతే వేలి ఎముక మీద పడి కోస్తుంది.

మన దగ్గర బూట్ల మీద ఎక్కువగా ఉండేది బ్రిటిష్ నంబరు. ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5 మిల్లీమీటర్లు. వెడల్పు చాలడం లేదని నంబరు పెంచుకుంటే, వెడల్పు కొద్దిగా దొరుకుతుంది గానీ బూటు వంగే చోటు ముందుకి జరిగిపోతుంది. నీ ఎడమ బూటు కథ అదే అనుకుంటున్నాను. పైగా సేఫ్టీ బూట్లు చాలామటుకు మగవాళ్ల పాదాల అచ్చుల మీద బిగించినవే. ఆడపిల్లలకి మడమ సన్నం. ముందు పట్టిన బూటు వెనక వదులవుతుంది. ఆడవాళ్ల అచ్చు మీద చేసినవి కావాలని స్టోర్సులో అడుగు. ఉన్నాయి, తెప్పించాలి అంతే.

వేసుకుని చూసేటప్పుడు వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేసు బిగించాక రెండు వైపుల కన్నాల వరసల మధ్య వేలెడు సందు మిగలాలి. తోలు వాడకంలో వెడల్పుకి సాగుతుంది, అప్పుడు ఆ సందు మూసుకుంటుంది. కొత్తలోనే మూసుకుపోయిందంటే ఆర్నెల్లకి లేసు ఎంత లాగినా బిగియదు. కొత్త బూటులో మడమ కాస్త లేస్తే కంగారు పడకు, సోలు వంగడం మొదలయ్యాక తగ్గుతుంది. కానీ తోలు సాగేది వెడల్పుకే, పొడవుకి సాగదు. స్టీలు టోపీ అసలే సాగదు. టోపీ లోపల వేలు నొక్కుకుంటే "వాడగా వాడగా సర్దుకుంటుందిలే" అన్నవాడి మాట వినకు.

ఆ టోపీ గురించీ తెలుసుకో. ఐఎస్ 15298 ప్రకారం చేసిన సేఫ్టీ బూటు టోపీ 200 జౌళ్ల దెబ్బకి తట్టుకోవాలి. ఇరవై కిలోల బరువు సుమారు మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే దెబ్బ అది. ఒక్కసారి అలాంటి దెబ్బ తగిలాక పైకి ఏమీ కనపడకపోయినా ఆ బూటు మార్చెయ్యాలి.

ఇంకోటి. నొప్పిగా ఉందని బజార్లో స్పాంజి అట్ట కొని లోపల వేసుకున్నానన్నావు. వెంటనే తీసెయ్. నువ్వు చేసేది గ్యాసు బావుల దగ్గర. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. ఆ మంట సంగతి కోనసీమలో అడుగు, ఇప్పటికీ చెబుతారు. గ్యాసున్న చోట ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు బూటు అడుగు గుండా నేలలోకి దిగిపోవాలి. యాంటీస్టాటిక్ బూటు చేసేది ఆ పనే. నీ స్పాంజి అట్ట ఆ దారికి అడ్డం. అట్ట మార్చాల్సి వస్తే ఆ బూటుకి కంపెనీ ఇచ్చినదే వెయ్యి.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. మా చిన్నప్పుడు మన పేట చివర లందలుండేవి. పచ్చి తోలుని సున్నంలో నానేసి వెంట్రుక గీకి, తంగేడు చెక్కా కరక్కాయా నలగ్గొట్టి పోసిన నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టేవాళ్లు. ఆ తోలుతో మీ ముత్తాత కిర్రు చెప్పులు కుట్టి, ఆముదం పట్టించి సంతకి పట్టుకెళ్లేవాడు. ఊళ్లో పెద్ద వీధిలో ఆ చెప్పులు తొడుక్కుని నడిచే హక్కు మాత్రం ఆయనకి లేదు. కుట్టినవాడు విడిచి చేత్తో పట్టుకుని నడవాలి. ఆయన మునిమనవరాలు ఇంజనీరై, కాలికి బూటు తొడుక్కుని రిగ్గు మీద నిలబడి పదిమందికి పని చెబుతోంది. ఆ బూటు నీ కాలిని కొరకడం నాకు అస్సలు ఇష్టం లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నీ బూటు తోలు తంగేడుతో పదును చేసింది కాదు, క్రోమ్‌ది. 1903 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే దొర మద్రాసులో ఈ క్రోమ్ పదునుకి ప్రయోగాలు మొదలెట్టాడు. ఆయన చూపు ముఖ్యంగా మోటబావుల్లో నీళ్లు తోడే తోలు బొక్కెనల మీద. నీళ్లలో నానుతూ ఉన్నా ఈ తోలు తొందరగా చివకదు. వేడికీ బాగా తట్టుకుంటుంది. చెక్కతో పదును చేసిన తోలు తడిగా ఉండగా 80 డిగ్రీల అటూఇటూ వేడి తగిలితే ముడుచుకుపోతుంది. మంచి క్రోమ్ తోలు మరిగే నీళ్లనీ తట్టుకుంటుంది. అలాగని పొయ్యి పక్కన ఆరబెట్టకు. వేడికి లోపలి నూనె కదిలిపోతుంది, సోలు అతుకు వదులుతుంది.

మన డెల్టాలో బూటుకి తడి పెద్ద శత్రువు. ఒండ్రు బురద ఆరేకొద్దీ తోలులో ఉన్న చెమ్మనీ నూనెనీ పీల్చేస్తుంది. మడతల్లో ఇరుక్కున్న మట్టి రేణువు అడుగడుక్కీ ఉప్పుకాగితంలా రుద్దుతుంది. మడత పగులుగా మారేది అలాగే. పగులుకి మందు లేదు, పైన ఏం పూసినా లోపల పోగు తెగిపోయినట్టే. కాబట్టి గదికి రాగానే తడిగుడ్డతో బురద తుడిచి, మడతల్లో బ్రష్ వెయ్యి. లేసు వదులు చేసి నాలుక బయటికి లాగు. లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి పెట్టు, తడిస్తే మార్చు. బూటుని పక్కకి పడుకోబెడితే అడుగుకీ గాలి తగులుతుంది. ఎండ వద్దు, ఫ్యాను గాలి చాలు. తడిసిన జత ఒక్క రాత్రికి ఆరదు, రెండు జతలుంటే మార్చి మార్చి వేసుకో. అంతర్వేది వైపు ఉప్పునీళ్లలో తిరిగొస్తే తెల్లటి చారలు వస్తాయి. వాటి మీద పాలిష్ పూయకు, ముందు మంచినీళ్ల తడిగుడ్డతో ఉప్పు తీసెయ్.

కొబ్బరినూనె పూస్తానంటావని నాకు తెలుసు, అది లేని ఇల్లు మన వైపు ఉండదు. వద్దు. తోలు మరీ మెత్తబడి రూపు పోతుంది, కొన్నాళ్లకి ముక్కిపోయి వాసన కొడుతుంది. నెలకోసారి షూ క్రీము పల్చగా రాసి, అరగంట ఆగి బ్రష్ కొట్టు. మైనపు డబ్బా పాలిష్ మడతల మీద మందంగా పూస్తే అక్కడే పొలుసులు లేస్తుంది. ఆషాఢం, శ్రావణం నెలల్లో బూజు పట్టొచ్చు. ఇంట్లో దులిపితే గదంతా పాకుతుంది. పెరట్లో పొడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, తర్వాత క్రీము రాయి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఎప్పుడూ దాచకు.

మొదటి జీతంతో హైదరాబాదులో మంచి తోలు బూటు కొంటానన్నావు. కొను. డబ్బు పెట్టేటప్పుడు సోలు ఎలా కలిపారో చూడు. పై తోలుకీ సోలుకీ మధ్య అంచు చుట్టూ తోలు పట్టీ ఉండి, దాని మీద కుట్టు కనిపిస్తే అది వెల్ట్ బూటు. కానీ కొన్నిటికి అందం కోసం ఉత్తుత్తి కుట్టు వేస్తారు. లోపల అట్ట ఎత్తి, ఏ పద్ధతిలో కుట్టారో గట్టిగా అడుగు. అసలైన దానికి సోలు అరిగితే కుట్టు విప్పి కొత్తది వేయొచ్చు, పై తోలు బాగుంటే రెండు మూడు సోళ్లు మారుస్తుంది. లోపల బెండు పొర పరిచి ఉంటే కొన్ని వారాల్లో నీ పాదం ఆకారానికి అణుగుతుంది. మొదటి వారం ఇంట్లోనే గంట, రెండు గంటలు చొప్పున వేసుకో. మడమ బయటి అంచు అరగడం మామూలే. రబ్బరు ముక్క అరిగి తోలు పొర తగిలేలోపు నా దగ్గరికి పంపు, ఆరె పట్టడానికి నా చేతులు ఇంకా వణకడం లేదు.

కంపెనీ బూట్లు అలా కావు. పాలీయూరితేన్ సోలుని అచ్చులో పోసి తోలుకే అతికించేస్తారు. ఆ సోలు గాలిలో తేమకి లోపల్నుంచి విరిగిపోతుంది, వాడకుండా బీరువాలో దాచినా సరే. నాలుగైదేళ్లు మూలనపడ్డ జత తీసి తొడుక్కుంటే, నడుస్తుండగానే సోలు పెళ్లలు పెళ్లలుగా ఊడొచ్చు. స్టోర్సులో ఇచ్చేటప్పుడు తయారైన నెల, సంవత్సరం చూసి తీసుకో. సోలు పగిలితే గమ్ముతో అతికించుకుని నెట్టుకురాకు. ఎడమ బూటుకి కొలత కాగితం జతచేసి, ఆడవాళ్ల అచ్చువి కావాలని రేపే సేఫ్టీ ఆఫీసరుకి రాసివ్వు. కొత్తగా చేరిన పిల్ల అప్పుడే అడగడం మొదలెట్టింది అనుకుంటారని మొహమాటపడకు. ఇవ్వడం వాళ్ల బాధ్యత.

పెద్దమ్మ అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మీ పెదనాన్న
రాజమండ్రి