కూర్చుండి చేయు పని – గుండెజబ్బు
డాక్టరు జెరెమీ మోరిస్ పరిశోధనలు

జబ్బుపడిన మనుష్యుని పరీక్షించువాడు వైద్యుడు. ఊరంతటిని పరీక్షించి, జబ్బు ఎవరికి వచ్చుచున్నది, ఎవరికి రాకున్నది, ఎందువలన అని లెక్క తేల్చువాడు వ్యాధివ్యాప్తి శాస్త్రజ్ఞుడు. పూర్వము ఈ శాస్త్రము కలరా, మశూచి వంటి అంటువ్యాధుల విషయముననే విశేషముగా ఉపయోగపడుచుండెను. అంటువ్యాధులు కాని దీర్ఘవ్యాధులకును, మనుష్యుని దినచర్యకును గల సంబంధమును ఇట్టి లెక్కలతో నిరూపించినవారిలో అగ్రగణ్యులు డాక్టరు జెరెమీ మోరిస్.

ఆయన 1910లో ఇంగ్లండునందలి లివర్పూలులో జన్మించి, స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున పెరిగిరి. 1948 మొదలు 1975 వరకు బ్రిటిషు వైద్య పరిశోధక మండలివారి సామాజిక వైద్య విభాగమునకు అధిపతిగా నుండిరి. ఆ రోజులలో బ్రిటనులో గుండెపోటు మరణములు పెరుగుచుండెను. కారణము మాత్రము స్పష్టముగా తెలియకుండెను.

మోరిస్ దృష్టి లండను బస్సులపై పడెను. రెండంతస్తుల బస్సులో డ్రైవరు పనివేళలో చాలభాగము కూర్చుండియే యుండును. ఆ రోజులలో కండక్టరు టిక్కెట్ల కొరకై దినమునకు సుమారు 600 మెట్లు ఎక్కుచుండెను. ఇరువురికిని సంస్థ ఒక్కటే, బస్సు ఒక్కటే. సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల వివరములు పరిశీలింపగా, గుండెజబ్బు డ్రైవర్లకంటె కండక్టర్లలో తక్కువగా కనబడెను. వచ్చినను, ప్రాణాపాయము వారికి తక్కువగా నుండెను. తపాలాశాఖలో నడచియు, సైకిలుపైనను ఉత్తరములు పంచువారిని, కూర్చుండి పనిచేయు గుమాస్తాలను పోల్చినప్పుడును ఇట్టి ఫలితమే వచ్చెను. ఈ విషయములు 1953లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడెను.

ఇక్కడ ఒక సందేహము కలుగును. పని వలన జబ్బు వచ్చినదా? లేక స్థూలకాయులే కూర్చుండు పనిలో చేరుచుండిరా? మోరిస్, ఆయన సహచరులు ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. సంస్థవారు ఉద్యోగులకిచ్చు దుస్తుల కొలతలను పరిశీలించి 1956లో ప్రకటించిరి. చిన్నవయసు డ్రైవర్లకు సైతము నడుము కొలత కండక్టర్లకంటె ఎక్కువగనే యుండెను! తమ వాదమునకు అడ్డువచ్చు లెక్కను గూడ పుస్తకమునకెక్కించుటయే నిజమైన శాస్త్రజ్ఞుని లక్షణము.

అందుచే ఆయన మరియొక మార్గము పట్టిరి. అందరును కూర్చుండి వ్రాతపని చేయువారే అయినచో తేడా ఎచ్చట నుండును? పనిలో కాదు, తీరికవేళలో. ఇట్టి ప్రభుత్వోద్యోగులు సుమారు 17,000 మంది శుక్ర, శనివారములలో తాము చేసిన పనులన్నిటిని సోమవారము ఉదయమున వ్రాసియిచ్చిరి. వారిని కొన్ని సంవత్సరములు గమనింపగా, తీరికవేళ చెమటపట్టునట్లు శ్రమించువారికి గుండెజబ్బు తక్కినవారిలో సగముకంటె తక్కువగా వచ్చినట్లు 1973లో వెల్లడియయ్యెను. కూర్చుండు వృత్తి తలవ్రాత కాదనియు, దాని లోటును తీరికవేళలో పూడ్చుకొనవచ్చుననియు దీనివలన తేలుచున్నది.

వ్యాపార కుటుంబములు గమనింపవలసిన విషయమిదియే. ఉదయము మొదలు రాత్రివరకు గల్లాపెట్టె వద్ద కూర్చుండు యజమాని ఆ బస్సు డ్రైవరు వంటివాడు. గోదామునుండి సరుకు మోసి తెచ్చు కుర్రవాడు కండక్టరు వంటివాడు. పనిభారమంతయు తనదేయని యజమాని తలచును; అలసినది ఆయన మనస్సే గాని దేహము కాదు. మితాహారము, పొగాకు మానుట అవసరమే. కాని అవి నడకకు బదులు కాజాలవు.

పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అనగా వారమునకు 5 దినములు, దినమునకు అరగంట చురుకైన నడక. అంగడి దగ్గరలోనే యున్నచో బండి మాని నడచి వెళ్లుటయు, పైఅంతస్తు సరుకు తామే తెచ్చుటయు ఈ లెక్కలోనికే వచ్చును. గుండెజబ్బు, మధుమేహము ఉన్నవారు వైద్యుని సలహాతో మెల్లగా ఆరంభింపవలెను.

మోరిస్‌కు 1996లో వ్యాయామశాస్త్ర కృషికై ఒలింపిక్ పతకము లభించెను. 2009లో, తమ 99వ యేట ఆయన మరణించిరి. రోజూ జమాఖర్చు వ్రాసికొను గృహస్థులు ఆ దినమున నడచిన నిమిషములను గూడ ఒక మూల వ్రాసికొనినచో, ఏడాది చివర ఏ ఖాతా లోటుపడినదో వారికే తెలియగలదు.