సాఫ్టువేరు తెఱచుకొననప్పుడు సంఘములు చేయవలసిన పని

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణమునకై కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29వ తేదీన 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. అయినను వెనుకటి పద్దులు పాత సాఫ్టువేరులోనే నిలిచియున్న సంఘములు గలవు. అది తెఱచుకొననిచో, బాకీ తీర్చిన రైతు ఆ సంగతి ఋజువు చేసికొనలేక సంఘపు అరుగుమీద కూర్చుండవలసినదే. మిరపకోతల వేళ ఒక దినము పోయిన నెంత నష్టమో ముప్పాళ్ళ రైతులకు మేము చెప్పనక్కఱలేదు.

కంప్యూటరు మార్చినప్పుడును, విండోసును మరల నెక్కించినప్పుడును ఈ చిక్కు తఱచుగా కలుగును. గుమాస్తా సాఫ్టువేరు గుర్తుపై నొక్కగా లెక్కలకు మాఱుగా "వీసీరన్‌టైం140.డీఎల్‌ఎల్ కనబడలేదు" అను వాక్యము వచ్చును. పద్దులు పోయినవని భయపడి కొందఱు యంత్రమును ఫార్మాటు చేయించి, వానిని నిజముగనే పోగొట్టుకొందురు. సాఫ్టువేరు వ్రాయువారు ప్రతి చిన్న పనిని తామే వ్రాయరు. అందఱకు కావలసిన పనులు రన్‌టైం లైబ్రరీలను ఫైళ్లలో నుండును. సభ్యులు సంఘపు గొఱ్ఱును తెచ్చుకొనునట్లు సాఫ్టువేరులు వానిని వాడుకొనును. విత్తువేళ కొట్టులో గొఱ్ఱు లేనంతనే చేను పాడైనదని యెవరందురు?

కావున ముందుగా ఆ వాక్యమును యథాతథముగా వ్రాసికొనవలయును. మిరపాకు పైకి ముడిచిన తామరపురుగు, క్రిందికి ముడిచిన నల్లి. రెండును ముడుతయే గాని మందు వేఱు. ఇచటను అంతే. పేరులో 140 అని యున్న మైక్రోసాఫ్టువారి విజువల్ సీ ప్లస్‌ప్లస్ 2015 మొదలు 2022 వఱకు గల యుమ్మడి రన్‌టైం కావలయును. ఎంఎస్‌వీసీఆర్120 యన్న 2013ది, 110 యన్న 2012ది, 100 యన్న 2010ది. క్రొత్తది పాతదాని పని చేయదు. డాట్‌నెట్ 3.5 నడిగినచో, విండోసు 10లో కంట్రోల్ ప్యానెలునందలి విండోసు ఫీచర్సులో దానికి గుర్తు పెట్టిన చాలును.

పెక్కుమంది పొరబడు తావొకటి కలదు. విండోసు 64 బిట్లదైనను పాత లెక్కల సాఫ్టువేరు 32 బిట్లదైనచో దానికి ఎక్స్86 రన్‌టైమే కావలయును. రెండు రకములను ఎక్కించుట మేలని మా యభిప్రాయము. ఇవి మైక్రోసాఫ్టువారి సైటునందు ఉచితముగా లభించును.

లేని ఫైలొక్కదానినే యిచ్చెదమను ఊరుపేరు లేని సైట్ల జోలికి పోరాదు. హామీదారు లేని యప్పు మన సంఘమిచ్చునా? అట్టి ఫైలు వెంట వైరసు రావచ్చును. బిట్లు కుదరక 0ఎక్స్‌సీ000007బీ యను వేఱొక తప్పు చూపవచ్చును.

ఇవియేవియు కాక సాఫ్టువేరు సొంత ఫైలే లేదనినచో, యాంటీవైరసు దానిని వేఱుపఱచినదేమో క్వారంటైను పట్టికలో చూడవలయును. అచట లేకున్న పద్దుల ఫోల్డరును పెన్‌డ్రైవులోనికి నకలు తీసి, ఆ పిమ్మటనే సాఫ్టువేరును దాని మూల సెటప్పునుండి మరల ఎక్కింపవలయును.