మన ఫుట్‌బాల్ జట్టు – కొత్త కోచ్ – ఒక అభిమాని లెక్కలు

ఈ సంవత్సరం మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్ వచ్చారన్న సంగతి, గ్రౌండు మొహం చూడని వారికి కూడా ఈపాటికి తెలిసే వుంటుంది. ఆయన మీద వచ్చినన్ని ఫిర్యాదులు కాంటీన్ సాంబారు మీద కూడా రాలేదు మరి. వచ్చిన మూడు వారాల దాకా కుర్రాళ్ళను గోలుపోస్టుల వంక పోనివ్వలేదు. ఒకరోజు అందరూ ఎడమకాలితోనే ఆడాలన్నారు. మర్నాడు, బంతి అందుకున్నవాడు దానితో ఒక్క అడుగు కూడా వేయకూడదు, వెంటనే మరొకడికి ఇచ్చెయ్యాలన్నారు. "ఇదేం ఆటండీ, కుంటాటా?" అని వేపచెట్టు కింద చేరే మా అభిమాన బృందం గొడవ పెట్టింది. ఆ గొడవ పెట్టిన వాళ్ళలో నేనూ వున్నాను. అందుచేత ఈ వ్యాసం కొంత ప్రాయశ్చిత్తం కూడా.

మా బాధకు కారణం లేకపోలేదు. నిరుడు తాడేపల్లిగూడెంలో మొదటి మేచ్‌లోనే 3–0తో ఓడి ఇంటికొచ్చాం. హాఫ్ టైముకు రెండు పక్కలా సున్నాయే. మూడు గోళ్ళూ చివరి ఇరవై నిమిషాల్లో పడ్డాయి. తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్కడూ మాట్లాడలేదు. అలాంటి జట్టుకు కొత్తాయన వస్తే షూటింగు నేర్పుతాడు, పెనాల్టీలు నేర్పుతాడు అనుకుంటాం గాని, ఎడమకాలు పట్టుకు కూర్చుంటాడని ఎవరనుకుంటారు?

అయితే ఆ ఎడమకాలి సంగతి ఎక్కడో విన్నట్టుందే అని ఆలోచిస్తే, హైదరాబాదు దగ్గర తేలింది. సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు ఇప్పటి కుర్రాళ్ళకు 2024లో వచ్చిన ‘మైదాన్’ అనే హిందీ సినిమా వల్ల తెలిసింది. సినిమా సంగతి అలా వుంచి మనిషి సంగతి చెప్పుకుందాం. ఆయన 1909లో హైదరాబాదులో పుట్టారు, వృత్తి చేత బడిపంతులు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఫుట్‌బాలంటే కలకత్తాయే అనుకునే రోజుల్లో, దక్కనులోని ఒక పోలీసు జట్టు అంతటి పని చేసింది.

ఆ రహీం గారే చిన్న కుర్రాళ్ళకు వింత పోటీలు పెట్టేవారట. ఒక పోటీలో డ్రిబ్లింగు నిషేధం. ఇంకొక పోటీలో వాటంలేని కాలితోనే బంతిని తన్నాలి. పైకి ఇవి పిల్లచేష్టల్లాగే కనిపిస్తాయి. కాస్త ఆలోచిస్తే లోపలి మర్మం తెలుస్తుంది. డ్రిబ్లింగు చేయకూడదంటే, బంతి కాలికి చేరకముందే తలెత్తి, ఎవరు ఖాళీగా వున్నారో చూసి పెట్టుకోవాలి. చేరాక చూద్దామంటే కుదరదు. అలాగే కుడికాలు ఒక్కటే వున్నవాడికి ఎదుటి ఫుల్‌బాక్ ఒక్క పక్కే కాపలా కాస్తే చాలు. రెండు కాళ్ళూ వస్తే కాపలా రెండింతలవుతుంది. మన లెఫ్ట్ వింగు కుర్రాడు నిరుడు ఎన్నిసార్లు బంతిని కుడికాలికి మార్చుకోబోయి పోగొట్టుకున్నాడో మా బృందంలో ఎవర్ని అడిగినా వేళ్ళ మీద లెక్క చెబుతారు. మందు ఇదీ అని మాత్రం మాకు తోచలేదు.

ఇంకొక లెక్క. తొంభై నిమిషాల ఆటలో ఒక్కొక్క ఆటగాడి కాళ్ళ దగ్గర బంతి వుండేది మొత్తం కలిపి రెండు మూడు నిమిషాలే. ఆ మేచ్‌లోనే అతను పరుగూ నడకా కలిసి పది కిలోమీటర్లకు అటూ ఇటూ తిరుగుతాడు. మనం గాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టేది ఆ రెండు మూడు నిమిషాలకు. కోచ్ జీతం తీసుకునేది మిగతా ఎనభై ఏడు నిమిషాలకు. బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడాలి, ఎవరి వెనకాల పరుగెత్తాలి, ఎప్పుడు వూపిరి దాచుకోవాలి – కొత్త కోచ్ మూడు వారాలూ నేర్పింది అదే. అందులో చప్పట్లకు చోటు లేదు కాబట్టి మాకు అది ఆటలాగే కనిపించలేదు.

రహీం గారి చరిత్రలో అభిమానులు తప్పకుండా చదవవలసిన పుట మరొకటుంది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారతదేశం 1–0తో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం తెచ్చుకుంది. కోచ్ ఆయనే. సరిగ్గా మరుసటి యేడు, 1952లో, హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తయింది. కోచ్ అప్పుడూ ఆయనే. మనవాళ్ళలో చాలామంది చలిదేశంలో వుత్తకాళ్ళతో ఆడారు. పైగా అప్పట్లో మన దేశపు పోటీల్లో మేచ్ నిడివి 70 నిమిషాలు, అక్కడ 90. అలవాటు లేని ఆ చివరి ఇరవై నిమిషాలు ఎలా వుంటాయో నిరుడు తాడేపల్లిగూడెం వెళ్ళిన వారికి నేను వేరే చెప్పనక్కర్లేదు.

పది గోళ్ళు తిన్న కోచ్‌ను మా వేపచెట్టు బృందమైతే ఆ రాత్రికే పెట్టే బేడా సర్దించేసేది. కాని అక్కడి నుంచి ఏం జరిగిందో చూడండి. బూట్లు తప్పనిసరి అయినాయి. నాలుగేళ్ళు గడిచాయి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీం గారి జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. సెమీఫైనల్లో మళ్ళీ యుగోస్లావియానే ఎదురైంది. రెండో హాఫ్‌లో మొదటి గోలు కొట్టింది మనవాళ్ళే! ఆ తరువాత నాలుగు తిని 4–1తో ఓడారు, చివరకు నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్లో భారతదేశానికి అంతకన్నా పై స్థానం ఇప్పటికీ రాలేదు. ఆ జట్టులో హైదరాబాదు నుంచి వెళ్ళినవారు ఎందరో వున్నారు – తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, బలరాం.

బలరాం కథ మన కుర్రాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో బీదకుటుంబం. సిటీలో సెలక్షన్లకు రమ్మంటే రావడానికి డబ్బుల్లేవు. అద్దె సైకిలు కోసం రహీం గారే రోజుకో రూపాయి ఇచ్చారని బలరాం పెద్దయ్యాక చెప్పుకునేవారు. ఒక్క రూపాయి సైకిలు అద్దె లేకపోతే ఆ ఒలింపిక్ ఆటగాడు అమ్ముగూడలోనే వుండిపోయేవాడేమో.

1962 జకార్తా ఆసియా క్రీడలు కూడా అలాంటివే. మొదటి మేచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. థాయ్‌లాండ్‌తో ఆటలో ఫుల్‌బాక్ జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడిన తలతో వెనక ఆడించడం కష్టమని, రహీం గారు అతణ్ణి తరవాతి ఆటల్లో సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. అతను సెమీఫైనల్లోనూ గోలు కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. ఫైనల్లో ఎదురైంది అదే కొరియా. ఈసారి 2–1తో స్వర్ణం మనది. రహీం గారికి అప్పటికే కేన్సరు. 1963 జూన్‌లో పోయారు.

"అవన్నీ పాతకాలపు కబుర్లండీ" అనేవారికి దగ్గరి సంగతి కూడా చెబుతాను. హైదరాబాద్ ఎఫ్.సి. 2019–20లో ఇండియన్ సూపర్ లీగులో మొదటిసారి ఆడి, పది జట్ల పట్టికలో పదో స్థానంలో నిలిచింది. తరవాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే కోచ్ వచ్చారు. ఆయన మొదటి యేడు కప్పు తేలేదు, అయిదో స్థానం తెచ్చారు. రెండో యేడు, 2022 మార్చిలో గోవాలో, కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చారు. కథ అక్కడితో ఆగితే బాగుండును. 2023లో కోచ్ వెళ్ళిపోయారు, డబ్బు ఇబ్బందులు ముసిరాయి, జీతాల బకాయిలతో ఆటగాళ్ళు చెదిరిపోయారు, 2023–24లో జట్టు మళ్ళీ పట్టిక అడుక్కు దిగింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. కోచ్ ఏం చేయగలడో, ఏం చేయలేడో రెండూ ఆ అయిదారేళ్ళలోనే వున్నాయి.

ఇక మన నేల సంగతికి వస్తాను. ఫుట్‌బాల్ మన ప్రాంతంలో ఎందుకు నిలదొక్కుకోలేదంటే చాలామంది అభిరుచి లేదంటారు. నేనొప్పుకోను. పెద్ద మేచ్‌లకు వాడే కొలత ప్రకారం ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అంటే దాదాపు ఎకరం ముప్పావు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లకు 9. ఒక్క ఫుట్‌బాల్ మైదానం వైశాల్యం నలభై నాలుగు వాలీబాల్ కోర్టుల పాటి! డెల్టాలో ఎకరం ముప్పావు వుత్తినే వదిలే రైతు ఎవడు? సార్వా వూడ్చిన దగ్గర్నుంచి కోతల దాకా నీళ్ళు, ఆపైన దాళ్వా. కొల్లేరు దిక్కున పొలం కానిది చేపల చెరువు, చెరువు కానిది 1999లో ప్రకటించిన అభయారణ్యం. లంక గ్రామాల్లో వూరు నిలబడ్డ దిబ్బ మీద ఇళ్ళు పోగా మిగిలిన జాగాలో కబడ్డీ గీతలు గీయొచ్చు, వాలీబాల్ నెట్టు కట్టొచ్చు. అంతే మరి. (తాడేపల్లిగూడెం వారికి యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే వుంది. అది చూసినప్పుడల్లా ఎన్ని మైదానాలు పడతాయో అని నాకు దురాశ పుడుతుంది.)

నేల గుణం కూడా ఆటను మారుస్తుంది. తాడేపల్లిగూడెం మెట్టకూ డెల్టాకూ సరిహద్దు. మెట్ట పక్క ఎర్రనేల వాన వెలిసిన కాసేపటికే ఆరుతుంది, బంతి చురుగ్గా లేస్తుంది. కొల్లేటి పక్క నల్లరేగడి అలా కాదు. వానల్లో బూటుకు అరకేజీ మట్టి పట్టుకుంటుంది, నేలబారు పాస్ సగం దూరంలో ఆగిపోతుంది. ఎండాకాలం బీటలిచ్చి, బంతి ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. బురదలో ప్రాక్టీసు చేసిన జట్టు గట్టినేల మీద ఆడవలసి వస్తే బంతి అందుకోవడంలోనే తికమక పడుతుంది. నిరుడు మనకు జరిగింది అదేనని నా అనుమానం. కొత్త కోచ్ గారు ఆగస్టు నుంచి పొద్దున్న బురదలోనూ, సాయంత్రం ఎర్రమట్టి పోసిన బాస్కెట్‌బాల్ కోర్టు పక్కజాగాలోనూ పాసింగు చేయిస్తున్నారు. దీని మీద కూడా మేము ఫిర్యాదు చేశాం.

కాని ఆయన కన్ను పడిన ఒక సంగతి మా కళ్ళకు ఇన్నేళ్ళూ ఆనలేదు. ఈ యేడు సెలక్షన్లకు లంక గ్రామాల నుంచి వచ్చిన ఇద్దరు ఫస్టియర్ కుర్రాళ్ళను తీసుకున్నారు. ఇద్దరూ అంతకుముందు ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు కారు, కబడ్డీ ఆటగాళ్ళు. ఎందుకండీ అని పి.డి. గారు అడిగితే, "తాటిదోనె మీద నిలబడి గెడ వేసినవాణ్ణి తోసి పడెయ్యడం కష్టమండీ" అన్నారట. చిన్నప్పటి నుంచి వూగే దోనెలో నిలబడ్డ నడుము అది. ఆ ఇద్దరిలో ఒకణ్ణి హాఫ్‌బాక్‌గా పెట్టారు. బంతి ఇంకా వాడి మాట వినదు, ఆ మాట నిజమే. కాని వాడి మీద భుజం వేసినవాడు తానే కూలబడటం నేను కళ్ళారా చూశాను.

అసలు చిక్కు మరోచోట వుంది. పోలీసు జట్టుకు ఆటగాడు ఏళ్ళ తరబడి వుంటాడు. కాలేజీలో మూడేళ్ళకు వెళ్ళిపోతాడు. అందులో సెమిస్టరు పరీక్షలు, పండగ సెలవులు, వరి కోతలకు ఇంటికి పోయే రోజులు తీసేస్తే నికరంగా మిగిలేది యేడాదికి మూడు నాలుగు నెలలు. జట్టులో ఏటా మూడోవంతు కొత్తవాళ్ళే. అంటే కోచ్ ఏటా మూడోవంతు పాఠం మొదటి నుంచి చెప్పాలి. పైతరగతి వాళ్ళు కిందివాళ్ళకు నేర్పితేనే ఇది సాగుతుంది. ఇప్పుడు ఎడమకాలి ఆట ఆడించేది కోచ్ గారు కాదు, మన కెప్టెన్. ఆయన గట్టున నిలబడి చూస్తారంతే. అది చూసి, "ఈయన పని చెయ్యడు" అని కూడా అన్నవాళ్ళం మేము.

ఇక నా ఆశలు చెప్పాలి. ఈ యేడు కప్పు వస్తుందని నేననుకోను. యూనివర్సిటీ జట్టుకు మనవాళ్ళు ఒకరిద్దరు ఎంపికైతే సంతోషమే. నేను చూడదలచింది మాత్రం డెబ్భయ్యో నిమిషం తరవాత మనవాళ్ళు నడుస్తారా, పరుగెత్తుతారా అన్నది. లెఫ్ట్ వింగు కుర్రాడు ఒక్కసారైనా ఆలోచించకుండా ఎడమకాలితో బంతిని మధ్యకు వేస్తాడా అన్నది. లెక్చరర్లకు ఒక మనవి: ప్రాక్టీసుకు వెళ్ళిన కుర్రాడికి అటెండెన్సు వెయ్యండి. పూర్వ విద్యార్థులకు ఒక మనవి: కప్పు వచ్చాక వేసే దండల డబ్బు ముందే ఇస్తే ఆరు బంతులొస్తాయి, ఇప్పుడున్నవి రెండే. లంకల నుంచి వచ్చే ఆ ఇద్దరికీ సాయంత్రం ప్రాక్టీసు అయ్యేసరికి ఆఖరి బస్సు దాటిపోతోంది. వాళ్ళకు హాస్టల్లో చోటు చూపించగలిగితే, అది ఈనాటి సైకిలు అద్దె.

మొన్న ధైర్యం చేసి కోచ్ గారినే అడిగాను. "మాస్టారూ, ఈసారి గెలుస్తామంటారా?"

ఆయన బూటుకు పట్టిన రేగడి పుల్లతో గీక్కుంటూ, "ముందు రెండో హాఫ్ మనది కానివ్వండి" అన్నారు. ఆ తరవాత, "వేపచెట్టు కింద నుంచి మీవాళ్ళు ‘షూట్, షూట్’ అని అరవడం మాన్పించగలరా? కుర్రాళ్ళు కంగారుపడి దూరం నుంచే తన్నేస్తున్నారు" అన్నారు.

మావాళ్ళకు చెప్పాను. ప్రయత్నిస్తామన్నారు. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మళ్ళీ తాడేపల్లిగూడెం ప్రయాణం వుంటుంది. బస్సు పొద్దున్న ఆరింటికి కాలేజీ గేటు దగ్గర. నాకు ముందు సీటు వద్దు, కుర్రాళ్ళను కూర్చోనివ్వండి.