ఖాతా పుస్తకం కంప్యూటరు ఎక్కింది

మన ఊళ్ళో కిరాణా కొట్టు ఉంటుంది. గల్లాపెట్టె పక్కన ఒక పొడుగాటి పుస్తకం ఉంటుంది. అదే ఖాతా పుస్తకం. ఎవరు ఏ సరుకు తీసుకున్నారు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ ఉన్నారు, అన్నీ అందులో ఉంటాయి.

పుస్తకంలో రాయని సంగతులు కూడా కొట్టు యజమానికి తెలుసు. ఈ ఇంట్లో సన్నబియ్యమే తింటారు. ఆ ఇంట్లో వేరుశనగ నూనె తప్ప వాడరు. ఇంకొకరికి ఒకటో తారీఖున గానీ జీతం రాదు. ఇవన్నీ ఆయన తలలో ఉంటాయి. అందుకే గిరాకీ ఇంకో కొట్టుకు పోదు.

మరి ఆయన నాలుగు రోజులు ఊరికి వెళితే? కొడుకు వచ్చి కొట్టులో కూర్చుంటే? పుస్తకంలో ఉన్నది కొడుక్కి తెలుస్తుంది. తండ్రి తలలో ఉన్నది తెలియదు. చిక్కు అక్కడే వస్తుంది.

ఈ చిక్కు పట్నంలో పెద్ద పెద్ద ఆఫీసులకూ ఉంది. దాన్ని వాళ్ళు ఎట్లా తీర్చుకుంటున్నారో ఈ పాఠంలో చూద్దాం.

అందరూ కలిసి వాడే ఆఫీసు

హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళితే అద్దాల మేడలు కనిపిస్తాయి. కొన్ని మేడల్లో ఒక అంతస్తు అంతా ఒకే కంపెనీది కాదు. అందులో ఒక బల్ల ఒకరిది. పక్క బల్ల ఇంకొకరిది. ఒకామె బట్టల డిజైన్లు గీస్తుంది. ఒకాయన వేరే కంపెనీల లెక్కలు రాస్తాడు. నలుగురు కుర్రాళ్ళు కలిసి కొత్త కంపెనీ పెట్టుకుంటారు. కరెంటు, ఇంటర్నెట్టు, మంచినీళ్ళు, మీటింగు గది అందరికీ కలిపి ఒకటే. ఎవరి బల్లకు వాళ్ళు అద్దె కడతారు. కొందరు నెలకు కడతారు. కొందరు రోజుకు కడతారు. ఇట్లాంటి చోటును కోవర్కింగ్ స్పేస్ అంటారు.

సొంతంగా ఆఫీసు పెట్టాలంటే అడ్వాన్సు ఇవ్వాలి. బల్లలు, కుర్చీలు కొనాలి. కరెంటు బిల్లు కట్టాలి. చిన్న పని మొదలుపెట్టే వాళ్ళకు అంత డబ్బు ఎక్కడిది? అందుకే ఇట్లాంటి చోట్లు వచ్చాయి.

2005లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ఆయన ఇట్లాంటి చోటు ఒకటి మొదలుపెట్టాడు. తర్వాత ఈ పద్ధతి చాలా దేశాలకు పాకింది. హైదరాబాదులో తెలంగాణ ప్రభుత్వం 2015లో టీ-హబ్ ప్రారంభించింది. కొత్త కంపెనీలకు అక్కడ చోటూ, సలహా దొరుకుతాయి. 2018 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, వీ-హబ్ ప్రారంభమయింది. ఇది ప్రత్యేకంగా వ్యాపారం పెట్టే ఆడవాళ్ళ కోసం.

పోయిన గిరాకీ

ఒక కోవర్కింగ్ ఆఫీసు ఉందనుకుందాం. అందులో 40 బల్లలు. వచ్చిన వాళ్ళతో మాట్లాడటానికి ముగ్గురు అమ్మాయిలు.

ఒక సోమవారం ఒకామె వచ్చింది. జాకెట్లకు మగ్గం పని డిజైన్లు గీస్తుంది. "నాకు గోడ పక్క బల్ల కావాలమ్మా. సాయంత్రం ఐదుకల్లా ఇంటికి పోవాలి. మధ్యాహ్నం మూడింటికి పాపను బడి నుంచి తెచ్చుకోవాలి. ఆ వేళ ఫోన్ చెయ్యొద్దు" అని చెప్పింది. మొదటి అమ్మాయి చీటీ మీద నంబరు రాసుకుంది. మిగతావి గుర్తుంటాయిలే అనుకుంది.

మంగళవారం ఆ అమ్మాయికి సెలవు. రెండో అమ్మాయి మధ్యాహ్నం మూడింటికే ఫోన్ చేసింది. "మీకు ఏం కావాలి మేడమ్?" అని మళ్ళీ మొదటినుంచీ అడిగింది. బుధవారం మూడో అమ్మాయి ఫోన్ చేసి అవే ప్రశ్నలు వేసింది. అద్దె కూడా ఇంకో రకంగా చెప్పింది. గురువారం మేనేజరమ్మ అడిగింది.

"మొన్న మగ్గం డిజైన్ల ఆమె వచ్చింది కదా, చేరిందా?"

"లేదు మేడమ్. వేరే చోట చేరిపోయిందట."

"ఎందుకని?"

"మా ముగ్గురికీ ముగ్గురం ఫోన్ చేశాం మేడమ్. ఆమె ఏం చెప్పిందో ఒకరిది ఒకరికి తెలియలేదు."

ఆ అమ్మాయిలు పని ఎగ్గొట్టలేదు. ముగ్గురూ పని చేశారు. కానీ ఒకరికి తెలిసింది ఇంకొకరికి అందలేదు. బల్ల అద్దె నెలకు 6,000 రూపాయలు అనుకోండి. ఆ బల్ల మూడు నెలలు ఖాళీగా ఉంటే 18,000 రూపాయల నష్టం.

కంప్యూటరులో ఖాతా

ఈ చిక్కు తీర్చడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని సీఆర్‌ఎం అంటారు. కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్ అనే మాటకు అది పొట్టి పేరు. అంటే, మన దగ్గరికి వచ్చే వాళ్ళతో సంబంధం చెడకుండా చూసుకునే పద్ధతి. సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటరు చేత పని చేయించే ఆజ్ఞల కట్ట.

అమెరికాలో సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ 1999లో మొదలయింది. ఇంటర్నెట్టు ద్వారా వాడుకునే ఇట్లాంటి సాఫ్ట్‌వేర్‌ను అది అమ్మింది. చెన్నై కేంద్రంగా ఉన్న జోహో కంపెనీ 2005లో తన సీఆర్‌ఎం తెచ్చింది. ఇంకా చాలా కంపెనీలవి ఉన్నాయి. పేర్లు వేరయినా పని ఒకటే.

వచ్చిన ప్రతి మనిషికీ కంప్యూటరులో ఒక కార్డు తెరుస్తారు. మగ్గం డిజైన్ల ఆమె కార్డు ఇట్లా ఉండాల్సింది:

వచ్చిన రోజు: సోమవారం, 4వ తారీఖు
పని: మగ్గం పని డిజైన్లు
కావలసింది: గోడ పక్క బల్ల
చెప్పిన అద్దె: నెలకు 6,000
ఫోన్ చెయ్యకూడని వేళ: మధ్యాహ్నం 3 గంటలకు
మళ్ళీ మాట్లాడాల్సిన రోజు: 7వ తారీఖు
మాట్లాడాల్సింది: మొదటి అమ్మాయి

ఈ కార్డు ముగ్గురు అమ్మాయిల కంప్యూటర్లలోనూ కనిపిస్తుంది. ఒకరు రాస్తే ముగ్గురూ చదవొచ్చు. 7వ తారీఖు పొద్దున "ఈరోజు ఈమెకు ఫోన్ చెయ్యాలి" అని కంప్యూటరే గుర్తు చేస్తుంది.

కార్డులను నాలుగు వరసలుగా పెడతారు. అడిగి వెళ్ళినవాళ్ళు ఒక వరస. వచ్చి చూసినవాళ్ళు ఒక వరస. చేరినవాళ్ళు ఒక వరస. ఖాళీ చేసి పోయినవాళ్ళు ఒక వరస. ఒక మనిషి చేరగానే కార్డును చేరినవాళ్ళ వరసలోకి జరుపుతారు. ఏ వరసలో ఎంతమంది ఉన్నారో మేనేజరమ్మకు ఒక్క చూపులో తెలుస్తుంది. చూసినవాళ్ళు చాలామంది, చేరినవాళ్ళు కొద్దిమంది అయితే ఎక్కడో లోపం ఉన్నట్టు. అద్దె ఎక్కువా? బాత్రూము శుభ్రంగా లేదా? మాట కటువుగా ఉందా? కనుక్కోవాలి.

చేరిన తర్వాత కూడా కార్డు పని ఉంటుంది. అడ్వాన్సు ఎంత ఇచ్చారు? గడువు ఎప్పుడు ముగుస్తుంది? "ఫ్యాను తిరగడం లేదు" అని ఎప్పుడు చెప్పారు? బాగుచేశామా లేదా? అన్నీ తారీఖుతో సహా రాస్తారు. రేపు అడ్వాన్సు దగ్గర మాట తేడా వస్తే ఆ రాతే సాక్ష్యం. ఇది ఆఫీసుకూ మేలు, అద్దెకు వచ్చినవాళ్ళకూ మేలు.

కంప్యూటరు చెయ్యలేని పని

కంప్యూటరు తనంతట తాను ఏమీ తెలుసుకోదు. మనం రాసిందే చూపిస్తుంది. ఫోన్ నంబరులో ఒక్క అంకె తప్పు రాస్తే ఫోన్ ఇంకెవరికో పోతుంది. ఒకే మనిషికి రెండు కార్డులు తెరిస్తే ఆమెకు రెండుసార్లు ఫోన్ పోతుంది. "తర్వాత రాద్దాంలే" అంటే ఇక రాసినట్టే. అందుకే వచ్చిన మనిషి ముందే రాసి, నంబరు పైకి చదివి వినిపించాలి. "సరేనా అమ్మా?" అని అడగాలి.

గౌరవంగా మాట్లాడటం కూడా కంప్యూటరు పని కాదు. అది మనిషి పనే.

ఫోన్ నంబరు ఎవరిది?

ఇది అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి. కార్డులో ఉన్న సమాచారం ఆఫీసు సొత్తు అనుకోకూడదు. అది ఆ మనిషి నమ్మి ఇచ్చింది.

ఒకామె ఎన్నింటికి వస్తుంది, ఎన్నింటికి పోతుంది అన్నది కంప్యూటరులో ఉంటుంది. ఎవరో వచ్చి "ఆమె మా చుట్టం. ఎన్నింటికి బయటికి వస్తుంది? నంబరు ఇవ్వండి" అని అడగవచ్చు. ఇవ్వకూడదు. "మీ పేరు, నంబరు చెప్పండి. ఆమెకు చెబుతాం. ఇష్టమైతే ఆమే ఫోన్ చేస్తుంది" అనాలి. ఆడవాళ్ళ వెంటపడి వేధించేవాళ్ళు ఉన్నారు. ఒక్క నంబరు చెడ్డ చేతిలో పడితే ఆమె మనశ్శాంతి పోతుంది. ఒక్కోసారి పనే మానుకోవాల్సి వస్తుంది.

రాయకూడనివి కూడా ఉన్నాయి. కులం, ఇంటి గొడవలు, "ఒంటరిగా ఉంటుంది" లాంటి మాటలు కార్డులో ఎందుకు? బల్ల అద్దెకు వాటితో పని లేదు. ఉద్యోగం మానేసిన వాళ్ళ పాస్‌వర్డు ఆ రోజే తీసేయాలి. పాస్‌వర్డు అంటే కంప్యూటరు తాళంచెవి లాంటి రహస్య మాట.

దీనికి చట్టం కూడా వచ్చింది. 2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. ముఖ్యమైన నియమాల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టం ఏం చెబుతుంది?

మన సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో మనకు చెప్పాలి. ఆ వివరం తెలుగులో చదువుకునే వీలు ఉండాలి. మనం ఒప్పుకోవాలి. ఒప్పుకున్న తర్వాత కూడా వద్దని చెప్పే హక్కు మనకు ఉంది. తప్పు ఉంటే దిద్దమనవచ్చు. పని అయిపోతే తీసేయమనవచ్చు.

అక్కర్లేని వ్యాపార ఫోన్లు వస్తుంటే 1909కు ఫోన్ చేసి ఆపించుకోవచ్చు. ఫోన్ ద్వారా ఎవరైనా మోసం చేసి డబ్బు కాజేస్తే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

చిన్న పనికీ ఇదే పద్ధతి

నలుగురు ఆడవాళ్ళు కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నారనుకోండి. నాలుగు కుట్టుమిషన్లు పెట్టుకున్నారు. అద్దె, కరెంటు బిల్లు నాలుగు వాటాలు వేసుకున్నారు. ఇదీ కలిసి పనిచేసే చోటే. దీనికి కంప్యూటరు కొననక్కర్లేదు. ఒక పెద్ద నోటు పుస్తకం చాలు. పేజీకి ఐదు గీతల గళ్ళు కొట్టాలి: పేరు, ఏం కుట్టాలి, కొలతలు, ఇవ్వాల్సిన రోజు, ఇచ్చిన డబ్బు. గల్లా పక్కనే పుస్తకం ఉండాలి. ఎవరు గుడ్డ తీసుకున్నా అందులో రాయాలి. ఒకామె పుట్టింటికి వెళ్ళినా మిగతా ముగ్గురిలో ఎవరైనా చదివి చెప్పగలరు. "ఆమె వచ్చాక రామ్మా" అని గిరాకీని వెనక్కి పంపనక్కర్లేదు.

రేపు పని పెరిగితే అదే పుస్తకం సెల్‌ఫోనులోకి ఎక్కించుకోవచ్చు. పుస్తకం రాసే అలవాటు ఉన్నవాళ్ళకు ఫోనులో రాయడం కష్టం కాదు. రాత వచ్చినవాళ్ళ పేరు మీద రాత ఉంటుంది. ఆ రాతను ఇంకొకరు తేలిగ్గా కాదనలేరు.

కొత్త మాటలు

కోవర్కింగ్ స్పేస్ – పలువురు కలిసి వాడుకునే ఆఫీసు
సీఆర్‌ఎం – వచ్చేవాళ్ళ వివరాలు దాచి, గుర్తుచేసే సాఫ్ట్‌వేర్
పాస్‌వర్డు – కంప్యూటరు తెరిచే రహస్య మాట
గడువు – ఒప్పుకున్న చివరి రోజు

జవాబులు రాయండి

1. మగ్గం డిజైన్ల ఆమె వేరే చోట ఎందుకు చేరింది?
2. కార్డులో ఏమేం రాయాలి? ఏవి రాయకూడదు?
3. వ్యాపార ఫోన్లు ఆపాలంటే ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి?

లెక్క చెయ్యండి

ఆఫీసులో 40 బల్లలు ఉన్నాయి. 31 బల్లలు నిండాయి. ఒక్కో బల్లకు నెలకు 6,000 రూపాయలు. ఖాళీ బల్లలు ఎన్ని? వాటి వల్ల నెలకు ఎంత డబ్బు రాకుండా పోతుంది?

కలిసి మాట్లాడుకోండి

మీ ఫోన్ నంబరు ఎవరెవరి దగ్గర ఉంది? దుకాణంలో, ఆఫీసులో, ఆసుపత్రిలో నంబరు అడిగితే "ఎందుకు?" అని మీరు అడుగుతున్నారా? అడగటానికి ఏం అడ్డం వస్తోంది?