కారణాన్వేషణ

పాఠం ఉద్దేశం

కార్యాన్ని చూసి కారణాన్ని ఊహించడం శాస్త్రదృష్టికి ప్రాణం. విడిభాగాలను కూర్చి కొత్తగా నిర్మించిన కంప్యూటర్ పనిచేయనప్పుడు, అందులోని దోషాన్ని క్రమపద్ధతిలో కనుగొనే విధానాన్ని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యాంశం

సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల విడిభాగాలు కొని, ఇంటివద్ద స్వయంగా కంప్యూటర్‌ను కూర్చుకొనే విద్యార్థులు ఎందరో ఉన్నారు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్.ఎం.పి.ఎస్., క్యాబినెట్ ఒక్కొక్కటిగా ఏరి తెచ్చుకొంటారు. ఆ కొనుగోలు వెనుక తల్లిదండ్రుల కష్టార్జితం ఉంటుంది. అన్నీ అమర్చి మీట నొక్కినప్పుడు తెర చీకటిగానే ఉండిపోతే మనస్సు కలవరపడడం సహజం. ఆ కలవరపాటులో చేతికందిన తీగనల్లా పీకడం, ఏదో ఒక భాగం చెడిపోయిందని నిశ్చయించుకొని మరొకటి కొనడానికి పరుగెత్తడం కద్దు. మంచి భాగాన్ని తీసివేసి కొత్తది పెట్టినా దోషం ఉన్నచోటనే ఉంటుంది. డబ్బు మాత్రం పోతుంది. కాబట్టి చేతికన్న ముందు బుద్ధి పనిచేయాలి.

బుద్ధి ఇలా పనిచేసే తీరును మన తార్కికులు ఏనాడో వివరించారు. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో పొగ, నిప్పుల ఉదాహరణను గ్రహించాడు. కొండమీద పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకొంటాము. వంటఇంట్లో పొగ ఉన్నది, నిప్పూ ఉన్నది, ఇది అన్వయం. మడుగులో నిప్పు లేదు, పొగా లేదు, ఇది వ్యతిరేకం. ఈ రెండింటి సాయంతోనే కార్యకారణ సంబంధం స్థిరపడుతుంది. మొరాయించే యంత్రం విషయంలోనూ ఇదే మార్గం.

ముందుగా యంత్రం మేల్కొనే క్రమాన్ని గ్రహించాలి. మీట నొక్కగానే ఎస్.ఎం.పి.ఎస్. అన్ని భాగాలకు విద్యుత్తును అందిస్తుంది. ప్రాసెసర్ మేల్కొని మదర్‌బోర్డులోని బయాస్ ఆదేశాలను అమలుచేస్తుంది. ర్యామ్, గ్రాఫిక్స్ మొదలైనవి సరిగా ఉన్నవో లేవో పరీక్షించుకొంటుంది. ఆ తరువాతనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వెదుకుతుంది. ఈ ప్రయాణం ఎక్కడ ఆగిపోయిందో తెలిస్తే దోషం ఎక్కడ ఉన్నదో సగం తెలిసినట్లే.

ఫ్యాన్ తిరగక, దీపం వెలగక యంత్రం నిశ్చలంగా ఉంటే విద్యుత్తు మార్గాన్ని పరిశీలించాలి. గోడ స్విచ్చి, ఎస్.ఎం.పి.ఎస్. వెనుకనున్న స్విచ్చి వేసి ఉన్నవా? మదర్‌బోర్డుకు చేరవలసిన 24 పిన్నుల తీగ పూర్తిగా కూర్చున్నదా? క్యాబినెట్ మీట నుండి వచ్చే సన్నని తీగ, మదర్‌బోర్డు పుస్తకంలో చూపిన రెండు పిన్నులకే తగిలించారా? బోర్డు కింద ఉండే ఇత్తడి ఆధారాలలో ఒకటి తప్పుచోట బిగిస్తే, అది బోర్డు వెనుక భాగానికి తగిలి షార్ట్ సర్క్యూట్ కలిగించవచ్చు.

ఫ్యాన్లు తిరుగుతున్నా తెర చీకటిగా ఉంటే విద్యుత్తు కొంతవరకైనా వచ్చినట్లే. ప్రాసెసర్‌కు విడిగా విద్యుత్తునిచ్చే తీగ, సాధారణంగా 8 పిన్నులది, తగిలించడం మరచిపోవడం తరచుగా జరిగేదే. ర్యామ్ గాడిలో పూర్తిగా దిగకపోవడం మరొక కారణం. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు మానిటర్ తీగను ఆ కార్డుకే తగిలించాలి. ఇటీవలి బోర్డులలో అనేకం ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ దశలకు వేర్వేరు చిన్న దీపాలను కలిగి ఉంటాయి. ఏ దీపం ఆరక నిలిచిపోయిందో ఆ దశలోనే అన్వేషణ మొదలుపెట్టాలి. డీడీఆర్-5 ర్యామ్ ఉన్న యంత్రం మొదటిసారి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. ఆ చీకటిని దోషమని భ్రమించి మధ్యలో ఆపివేయరాదు. పాత బయాస్ ఉన్న బోర్డు కొత్త ప్రాసెసర్‌ను గుర్తించలేకపోవడమూ ఉన్నది.

తెరమీద ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదన్న సందేశం కనిపిస్తే నిరాశపడనక్కరలేదు. ముఖ్యభాగాలు పనిచేస్తున్నట్లు అదే నిదర్శనం. డిస్కు కనెక్షన్‌ను సరిచూసి, అందులో ఆపరేటింగ్ సిస్టమ్ లేకుంటే ఎక్కించాలి.

ఇంతతో కారణం తేలకపోతే అన్వయ వ్యతిరేకాలను ఆశ్రయించాలి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, దాని కూలర్, ఒకే ఒక ర్యామ్, ఎస్.ఎం.పి.ఎస్. మాత్రమే ఉంచి తక్కినవి తీసివేయాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ సదుపాయం లేకుంటే గ్రాఫిక్స్ కార్డును ఉంచాలి. యంత్రం మేల్కొంటే, తీసిన భాగాలను ఒక్కొక్కటిగా చేర్చాలి. ఏది చేరగానే యంత్రం ఆగిపోతుందో దానిపై అనుమానం నిలుస్తుంది. దానిని తీయగానే మళ్లీ మేల్కొంటే ఆ అనుమానం బలపడుతుంది. ఒకసారికి ఒకే మార్పు చేయాలన్నది ఇందులోని నియమం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం దేనివల్ల కలిగిందో చెప్పలేము.

చేసిన ప్రతి మార్పును, కనబడిన ప్రతి ఫలితాన్ని కాగితంపై రాసుకోవాలి. 1947 సెప్టెంబర్ 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్‌పై పనిచేస్తున్నవారు, రిలేలో చిక్కుకొన్న ఒక చిమ్మటను తీసి దినచర్య పుస్తకంలో అంటించి వివరం రాసిపెట్టారు. దోషాన్ని కనుగొనడంతో పాటు దానిని నమోదు చేయడమూ వారి అలవాటు. ఆ అలవాటు మనకూ మేలు చేస్తుంది. నిజంగానే ఒక భాగం చెడిపోయి ఉంటే, బిల్లుతోపాటు ఆ కాగితాన్ని చూపి వారంటీ కోరే విద్యార్థి మాటకు బలం ఉంటుంది.

జాగ్రత్తలు మరువరాదు. మన ఇళ్లలోని విద్యుత్తు 230 వోల్టులది. ఏ భాగాన్ని తాకే ముందైనా స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయాలి. క్యాబినెట్ లోహాన్ని తాకి శరీరంలోని స్థిర విద్యుత్తును తొలగించుకోవాలి. ఎస్.ఎం.పి.ఎస్.ను ఎన్నడూ విప్పరాదు; ప్లగ్గు తీసిన తరువాత కూడ అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

యంత్రానికి మనపై కోపమూ లేదు, దయా లేదు. సరైన క్రమంలో అడిగితే సరైన సమాధానమే ఇస్తుంది. రోగ లక్షణాలను బట్టి వైద్యుడు రోగాన్ని నిర్ణయించేదీ, పాఠాంతరాలను పోల్చి పరిష్కర్త సరైన పాఠాన్ని గ్రహించేదీ ఈ ఓర్పుతోనే. కంప్యూటర్ ముందు కూర్చొని దీనిని అలవరచుకొన్న విద్యార్థికి ఈ విద్య ఏ రంగంలోనైనా అక్కరకు వస్తుంది.

అర్థాలు

అన్వేషణ = వెదకడం
మొరాయించు = కదలక మొండికేయు
పాఠాంతరం = ఒకే రచనకు చెందిన వేరొక ప్రతిలో కనిపించే పాఠభేదం
పరిష్కర్త = ప్రతులను పోల్చి గ్రంథ పాఠాన్ని నిర్ణయించేవాడు

ప్రశ్నలు

1. అన్వయ వ్యతిరేకాలను సోదాహరణంగా వివరించండి.
2. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర వెలగకపోవడానికి గల కారణాలను తెలపండి.
3. ‘ఒకసారికి ఒకే మార్పు’ అన్న నియమంలోని ఔచిత్యాన్ని మీ నిత్యజీవితంలోని ఒక సందర్భానికి అన్వయించి రాయండి.