కార్డు దుకాణంలో టీవీ కొనే ముందు

మన హాస్టల్ హాలులోని పాత టీవీ మూగబోయి చాలా కాలమైంది. ఈ వార్షికోత్సవానికి కొత్తది ఇద్దామని పూర్వ విద్యార్థులం చందాలు వేసుకున్నాం. ఇచ్చినవాళ్లలో సుతారి పని చేసేవాళ్లున్నారు, బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కూలీలున్నారు. అందుకే ఒక్క రూపాయి వృథా కావద్దని ధరలు వాకబు చేశాం. అప్పుడు తెలుసుకున్నవి తమ్ముళ్లకు చెప్పాలనే ఈ వ్యాసం.

హైదరాబాదులో ఉండే మిత్రుడొకరు ఫోన్ చేసి, కార్డు ఉంటేనే రానిచ్చే హోల్‌సేల్ గోదాంలో 43 అంగుళాల టీవీ ఇరవై వేలేనన్నాడు. కిరాణా కొట్టున్న మరో మిత్రుడు తన కార్డు ఇస్తానన్నాడు. మేమంతా సంబరపడ్డాం.

ఇలాంటి దుకాణాలు కొత్తవేమీ కావు. జర్మనీలో మెట్రో సంస్థ 1964లోనే మొదలుపెట్టింది. అమెరికాలో 1976లో శాన్ డియాగోలోని ఒక పాత విమానాల షెడ్డులో ప్రైస్ క్లబ్ తెరిచారు. ఆ దారిలోనే వచ్చిన కాస్ట్‌కోలో ఏడాది రుసుము కట్టి ఎవరైనా సభ్యులు కావచ్చు. అక్కడ టీవీ నచ్చకపోతే 90 రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చు. అమెరికాలోని మనవాళ్లు దాన్ని అంతగా మెచ్చుకునేది ఇందుకే.

మన దేశంలో కథ వేరు. మెట్రో 2003లో బెంగళూరుకు, తర్వాత హైదరాబాదుకు వచ్చింది. విదేశీ సంస్థలు హోల్‌సేల్ చేయవచ్చు గానీ అన్ని రకాల సామాను ఇంటింటి వాళ్లకు నేరుగా అమ్మడానికి అడ్డంకులుండేవి. అందుకని కార్డు వ్యాపారులకే ఇచ్చేవారు, లైసెన్సో పన్ను రిజిస్ట్రేషనో చూపాలి. సొంత వాడకానికి కొనే రిజిస్టర్డ్ సొసైటీలకు కూడా ఆ నిబంధనల్లో చోటుంది. మా సంఘానికి రిజిస్ట్రేషనే లేదు! 2023లో మెట్రో భారత వ్యాపారం రిలయన్స్ రిటైల్ చేతికి వచ్చింది.

ఇక అసలు లెక్క. మిత్రుడు చెప్పిన ఇరవై వేలు పన్ను కలపని ధర. 18 శాతం జీఎస్‌టీ 3,600 కలిపితే 23,600. (32 అంగుళాలు దాటిన టీవీకి 2025 సెప్టెంబర్ 22కు ముందు 28 శాతం ఉండేది. ఆలస్యమైనా మాకు మేలే జరిగింది.) వ్యాపారి తన వ్యాపారానికి కొన్న సరుకు మీద కట్టిన పన్నును తర్వాత కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటాడు. కాబట్టి అతనికి ఆ ఇరవై వేలే అసలు ధర. హాస్టల్‌కు ఆ వీలు లేదు.

పెద్దపల్లిలో అదే మోడల్ నంబరుకు, మంథని దాకా తెచ్చి బిగించడంతో కలిపి, 24,500 అడిగారు. తేడా 900. ఇద్దరు హైదరాబాదు పోయి, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం అద్దం పగలకుండా టీవీని మోసుకురావడానికి అవి ఏ మూలకు?

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది బిల్లు. మిత్రుని కార్డు మీద కొంటే బిల్లు కొట్టు పేరున వస్తుంది. వ్యాపారం కోసం కొన్నవారిని వినియోగదారుల చట్టం మామూలుగా వినియోగదారులుగా లెక్కించదు. రేపు తెర మీద గీతలు పడితే ఫిర్యాదు ఎవరు చేయాలి? పాత టీవీ విషయంలో మేము బిల్లే తీసుకోలేదు. ఆ దుకాణదారు మమ్మల్ని ఎరుగనే ఎరుగనన్నాడు.

కార్డు మిత్రునికి దండం పెట్టి, పెద్దపల్లిలోనే హాస్టల్ పేరు మీద కొన్నాం. బిల్లు, వారంటీ కాగితం వార్డెన్ సారు బీరువాలో ఉన్నాయి. జిరాక్సు మా దగ్గరుంది. సాయంత్రం టీ-శాట్ పాఠాలు అయ్యాకే సినిమా పెట్టాలని పదో తరగతి తమ్ముళ్లు ఒప్పుకున్నారు. రిమోట్ మాత్రం ఇప్పటికే ఒకసారి కనపడకుండా పోయిందట.